భారీ గుమ్మడి: వేడి ప్రాంతాల్లో తొలిసారి సాగు

భారీ గుమ్మడి అంటే వండుకోవడానికి కాక తూకానికి పెట్టడానికే పెంచే గుమ్మడికాయ. వృక్షశాస్త్రం ప్రకారం ఇది కుకుర్బిటా మాక్సిమా జాతికి చెందినది. నేటి పోటీలకు వచ్చే కాయలు దాదాపు అన్నీ ‘డిల్స్ అట్లాంటిక్ జెయింట్’ అనే ఒక్క రకం సంతతే. మనం దప్పళంలో వేసుకునే తీపి గుమ్మడి ఎక్కువగా కుకుర్బిటా మోస్కాటా జాతిది. వడియాలు పెట్టుకునే, గుమ్మానికి దిష్టికని కట్టే బూడిద గుమ్మడి వేరే ప్రజాతికి చెందిన బెనింకాసా హిస్పిడా. సాగు చేసేవాడికి ఈ తేడా తెలిసి ఉండాలి. మోస్కాటా వేడి పల్లపు నేలల్లో పుట్టి పెరిగిన తీగ, మన ఎండలను ఓర్చుకుంటుంది. మాక్సిమా దక్షిణ అమెరికాలోని సమశీతోష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. పగటి ఎండ కావాలి, రాత్రి చల్లదనమూ కావాలి. అందుకే పెరట్లో తీపి గుమ్మడి విరగకాసే చోట కూడా భారీ గుమ్మడి మొదటి ఏడాది ఒక్క పిందెనైనా నిలపకపోవచ్చు.

చరిత్ర

పందొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడాలోని ఆంటారియో రాష్ట్రం, గోడెరిచ్ ఊరికి చెందిన విలియం వార్నాక్ ఈ పోటీకి తొలి హీరో. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు 365 పౌండ్ల కాయను, 1900లో పారిస్‌కు 400 పౌండ్ల కాయను పంపాడు. 1904లో సెయింట్ లూయిస్‌లో ఆయన కాయ 403 పౌండ్లు, అంటే సుమారు 183 కిలోలు తూగింది. ఆ రికార్డు 1976 దాకా చెక్కుచెదరలేదు.

దాన్ని పాత కథ చేసేసిన మనిషి కెనడాలోనే నోవా స్కోషియాలోని విండ్సర్ దగ్గరి రైతు హోవర్డ్ డిల్. ఆయన వ్యవసాయ కళాశాలలో చదివినవాడు కాదు. ‘మామత్’ అని పిలిచే పాత పెద్ద గుమ్మడి రకాలను తీసుకుని, ఏటా పెద్ద కాయల విత్తనాలే ఏరుకుంటూ, సొంత చేతులతో పరాగ సంపర్కం చేస్తూ ఏళ్ల తరబడి ఎంపిక సాగించాడు. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ విజేత. 1981లో ఆయన కాయ 493.5 పౌండ్లు తూగింది. ఆ విత్తనం అందరి చేతుల్లోకీ వెళ్లాక అంకెలు పరుగెత్తాయి. 1996లో న్యూయార్క్ రాష్ట్రంలో వెయ్యి పౌండ్లు దాటింది. 2012లో అమెరికాలోని టాప్స్‌ఫీల్డ్ సంతలో రాన్ వాలెస్ 2,009 పౌండ్లు తూచాడు. 2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన బెని మైయర్ కాయ 1,054 కిలోలతో మెట్రిక్ టన్ను దాటింది. 2021లో ఇటలీ టస్కనీ ప్రాంతానికి చెందిన స్టెఫానో కుత్రూపి 1,226 కిలోలు, 2023లో మిన్నెసోటాకు చెందిన ట్రావిస్ గియెంగర్ 1,247 కిలోలు సాధించారు. 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌కు చెందిన కవల సోదరులు ఇయన్, స్టువర్ట్ పాటన్‌ల కాయ 1,278.8 కిలోలతో వీటన్నిటినీ దాటింది.

ఈ జాబితాలో ఎక్కువ ఊర్లు చల్లని ప్రదేశాలే, టస్కనీ ఒక్కటే వేరు. అక్కడి వేసవి పొడిగా, మండుతూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో తేమా ఉక్కా కలిసిన న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో డేల్ ఓలివర్ 2021లో 867 కిలోల కాయ తీశాడు. వేడి ప్రాంతంలో ఇది అసాధ్యమన్న మాట నిలవదు. అయితే అక్కడ గెలిచినవాళ్లు ఎండతో తలపడి గెలవలేదు, దాన్ని తప్పించుకుని గెలిచారు.

ఎండ ఏం చేస్తుంది

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మధ్యాహ్నం ఆకులు వాడిపోవడం చూసి హడలిపోతారు. అడుగు వెడల్పు దాటిన ఆ ఆకులు గంటలో వేర్లు తోడగలిగిన దానికన్నా ఎక్కువ నీటిని ఆవిరి చేస్తాయి. నేలలో పదును ఉన్నా గొడుగు ముడిచినట్టు వేలాడతాయి. సాయంత్రం తిరిగి నిలబడితే మొక్క క్షేమంగానే ఉన్నట్టు. ఆ సంగతి తెలియక నడి మధ్యాహ్నం బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించినవాళ్ల మొక్కలే వేరుకుళ్ళుతో పోతుంటాయి. నీళ్లు ఎక్కువైన నేలలో గాలి ఉండదు, వేడి నేలలో శిలీంధ్రాలు రెచ్చిపోతాయి. తెల్లవారినా ఆకు నిలబడకపోతే అప్పుడు కంగారు పడాలి.

నిజమైన దెబ్బ రాత్రి తగులుతుంది. పగలు ఆకులు చేసిన చక్కెరలో కొంత భాగాన్ని మొక్క తన శ్వాసక్రియకే ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రి వేడిగా ఉంటే ఆ ఖర్చు పెరిగి కాయకు మిగిలేది తగ్గుతుంది. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 21కి దిగని రోజులు వరసగా వస్తే ఆడ పూలు తగ్గి మగ పూలు పెరుగుతాయి. వచ్చిన ఆడ మొగ్గలు కూడా విచ్చకుండానే పసుపుబారి రాలతాయి. పుప్పొడి సత్తువ కూడా పోతుంది.

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోను, టెక్సస్‌లోని డాలస్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. జూలైలో రెండు చోట్లా పగలు దాదాపు ఒకే ఎండ, 34–36 డిగ్రీలు. శాక్రమెంటోలో సాయంత్రం సముద్రం వైపు నుంచి నదీ ముఖం మీదుగా చల్లగాలి వీస్తుంది, రాత్రి 15 డిగ్రీల దాకా దిగుతుంది. డాలస్‌లో రాత్రి 24–25 దగ్గరే ఆగిపోతుంది. శాక్రమెంటో పక్కనే ఉన్న ఎల్క్ గ్రోవ్ పట్టణంలో ఏటా భారీ గుమ్మడి ఉత్సవం జరుగుతుంది. డాలస్ చుట్టుపక్కల పెరళ్లలో గోంగూర, ఆనప, దోస పండించుకుంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అదే పెరట్లో అదే నెలలో భారీ గుమ్మడి ప్రయత్నిస్తే తప్పు విత్తనానిది కాదు, క్యాలెండరుది.

విత్తే తేదీ

మిన్నెసోటాలోనో న్యూయార్క్‌లోనో ఏప్రిల్ చివర విత్తి, జూన్ ఆఖరుకు పూలకు పరాగ సంపర్కం చేసి, అక్టోబరు మొదట్లో తూకానికి తీసుకెళ్తారు. పుస్తకాలన్నీ ఈ లెక్కే చెబుతాయి. వేడి ప్రాంతం వాళ్లు ఈ తేదీలను వదిలేసి రోజుల లెక్క మాత్రం ఉంచుకోవాలి. విత్తు నుంచి ఆడ పువ్వుకు సుమారు 55–70 రోజులు, ఆ తర్వాత కాయ పెరగడానికి 70–100 రోజులు. మీ ఊళ్లో రాత్రిళ్లు 21 డిగ్రీల లోపు ఉండే వారాలు ఏవో చూసుకుని, పువ్వు రోజు, దాని తర్వాతి నెలన్నర ఆ వారాల్లో పడేలా వెనక్కి లెక్కించి విత్తాలి.

డాలస్ లాంటి చోట దీనికి రెండు దారులున్నాయి. ఫిబ్రవరిలో ఇంట్లో మొలక కట్టించి, మంచు భయం పోగానే నాటి, మే నెలకల్లా కాయ నిలపడం ఒకటి. మండు వేసవిలో తీగ మాత్రమే పెంచుకుని, ఎండ తగ్గుముఖం పట్టాక పూసిన పువ్వుకు కాయ కట్టించడం రెండోది. కొత్తవాళ్లకు మొదటిదే మేలు. రెండోదాంట్లో చీడపీడలతో రెండు నెలలు ఎక్కువ కాపురం చేయాలి.

మడి, మొలక

రికార్డుల కోసం పెంచేవాళ్లు ఒక్క మొక్కకు 50 నుంచి 100 చదరపు మీటర్ల నేల ఇస్తారు. తొలి ఏడాదికి ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు మడి చాలు. అడుగు లోతుకు పైగా తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో కలపాలి. ఉదజని సూచిక 6.5–7 మధ్య ఉండాలి. పచ్చి పేడ, కోళ్ల ఎరువు వేస్తే వేడి నేలలో లేత వేర్లు మాడిపోతాయి. నత్రజని అతిగా ఇస్తే తీగ ఏనుగు తొండంలా లావెక్కుతుంది గానీ పిందె నిలవదు. ఎరువు గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు. కొత్తవాళ్లు దీని మీద పెట్టే ఆరాటంలో సగం నీడ మీద పెడితే బాగుపడతారు.

విత్తనం బొటనవేలి గోరంత ఉంటుంది, పెంకు మందం. అంచులను గరుకు కాగితంతో తేలికగా రుద్ది, మొన వైపు మాత్రం ముట్టకుండా, కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్లలో నానబెడతారు. నేల 28–30 డిగ్రీల దగ్గర ఉంటే నాలుగైదు రోజుల్లో మొలక వస్తుంది. వేడి ప్రాంతాల వాళ్లకు తేలికైన ఘట్టం ఇదొక్కటే. మొదటి అసలు ఆకు విప్పుకోగానే వేర్లు కదలకుండా కుండీ మట్టితో సహా నాటాలి.

పోటీదార్ల విత్తనాలకు ఒక విచిత్రమైన పేరు పద్ధతి ఉంది. తల్లి కాయ బరువు, పెంచినవారి ఇంటిపేరు కలిపి పిలుస్తారు. ‘2009 వాలెస్’ అంటే వాలెస్ పెంచిన 2,009 పౌండ్ల కాయలోంచి తీసిన విత్తనం. పేరున్న విత్తనాలు వేలంలో ఒక్కొక్కటి వందల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. మొదటిసారి మొక్క పెట్టేవారికి దుకాణంలో దొరికే మామూలు అట్లాంటిక్ జెయింట్ పొట్లం చాలు. వందల డాలర్ల విత్తనం ఎండకు చచ్చినా, పది డాలర్ల విత్తనం చచ్చినా పాఠం ఒకటే.

తీగ, నీళ్లు, నీడ

ప్రధాన తీగను నేల మీద తిన్నగా పోనిచ్చి, పక్క తీగలను రెండు వైపులా ఈకల్లా పరుస్తారు. పక్క తీగలు మూడు నాలుగు మీటర్లు పెరిగాక కొస తుంచుతారు, వాటి మీద వచ్చే పిలకలను పూర్తిగా తీసేస్తారు. ప్రతి ఆకు కణుపు దగ్గరా తీగ మీద గుప్పెడు మట్టి కప్పితే అక్కడ వేర్లు దిగుతాయి. వేడి ప్రాంతంలో ఈ పనికి రెట్టింపు విలువ. మొదటి వేరు దెబ్బతిన్నా కణుపు వేర్లు మొక్కను నిలబెడతాయి, మట్టి కింద తీగ చల్లగా ఉంటుంది. తీగల మధ్య వరిగడ్డి పరిస్తే నేల వేడెక్కదు.

డ్రిప్ ద్వారా తెల్లవారుజామున నీళ్లివ్వడం మంచిది. ఎదిగిన మొక్క మండు వేసవిలో రోజుకు వందల లీటర్లు తాగుతుంది. అది ఒక్క రోజులో వచ్చే అవసరం కాదు, తీగతో పాటు నీళ్లూ మెల్లగా పెంచాలి. ఒక రోజు ఎండబెట్టి మరునాడు ముంచెత్తితే కాయ పగులుతుంది. ఎండ నడినెత్తిన ఉండగా పది నిమిషాలు సన్నని తుంపర చల్లితే ఆకు చల్లబడుతుంది. సాయంత్రం చల్లితే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లకు దారి ఇస్తుంది.

నీడకు 30–40 శాతం షేడ్‌నెట్ వాడతారు. మొక్కకు తగిలేలా కాక, మనిషి ఎత్తుకు మించి పందిరిలా కట్టాలి. నెట్ కింద గాలి ఆడకపోతే అది నీడ కాదు, పొయ్యి. పూర్తిగా రోజంతా కప్పనక్కర్లేదు. పడమటి వైపు ఒక తెర నిలబెట్టినా మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా వచ్చే ఎండ దెబ్బ చాలా తగ్గుతుంది.

పువ్వు రోజు

ఈ సాగులో అన్నిటికన్నా చేతి నేర్పు కావాల్సిన పని పరాగ సంపర్కం. ఆడ పువ్వు కింద చిన్న బంతిలాంటి పిందె ఉంటుంది, మగ పువ్వు సన్నని కాడ మీద నిలుస్తుంది. రేపు విచ్చుకోబోయే మొగ్గ ఇవాళ సాయంత్రానికే కొసన పసుపు తిరిగి ఉబ్బుతుంది. ప్రధాన తీగ మీద మొదలు నుంచి మూడు నాలుగు మీటర్ల దూరంలో అలాంటి ఆడ మొగ్గ కనబడితే, తేనెటీగలు దూరకుండా పల్చని గుడ్డ సంచి కట్టాలి. మగ మొగ్గలను రెండు మూడింటిని సాయంత్రమే కాడతో కోసి నీళ్ల గ్లాసులో పెట్టి ఇంట్లో చల్లని చోట ఉంచుకుంటారు. తోటలో వేడికి పుప్పొడి చెడకుండా ఇదొక ఉపాయం.

తెల్లవారుతూనే, చల్లదనం ఉండగానే పని ముగించాలి. మగ పువ్వు రేకులు ఒలిచేస్తే మధ్యలో పసుపు పొడి అంటిన కాడ మిగులుతుంది. ఆడ పువ్వులో నాలుగో అయిదో తమ్మెలుగా చీలిన కీలాగ్రం ఉంటుంది. ప్రతి తమ్మె మీదా పొడి అంటేలా మెల్లగా అద్దాలి. ఒక తమ్మె తప్పినా ఆ వైపు గింజలు కట్టక కాయ ఒక పక్కకు గిడసబారుతుంది. అయ్యాక పువ్వును మళ్లీ మూసి కట్టి, తేదీ రాసిన చీటీ తగిలించాలి. ఎండ పెరిగే రోజుల్లో అనుభవజ్ఞులు పువ్వు మీద థర్మోకోల్ పెట్టె బోర్లించి, లోపల గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పువ్వుకు తగలకుండా పెడతారు. ఆ ఒక్క పగలు గడిపితే ఫలదీకరణ గట్టెక్కుతుంది. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ ఉక్క రాత్రుల ప్రాంతంలో కాయ కట్టడానికీ కట్టకపోవడానికీ తేడా తరచు ఈ ఐసు సీసాలే.

రెండు మూడు పూలకు ఇలా చేసి, పదిహేను ఇరవై రోజులు చూసి, గుండ్రంగా వేగంగా ఊరుతున్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి కోసేస్తారు. ఈ కోత దగ్గర మనసు ఒప్పక రెండు కాయలు ఉంచుకున్నవాళ్లకు రెండు మామూలు గుమ్మడికాయలే దక్కుతాయి.

కాయ

పరాగ సంపర్కం తర్వాత మూడో వారం నుంచి కాయ పెరుగుదల ఊపందుకుంటుంది. ఆ దశలో రికార్డు స్థాయి కాయలు రోజుకు 20 కిలోలకు పైగా బరువెక్కుతాయి, అందులో ఎక్కువ భాగం రాత్రిళ్లే. ఇంత చక్కెర ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జెస్సికా సావేజ్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధన జవాబిచ్చింది. భారీ రకాల ఆకులు మామూలు రకాలకన్నా ఎక్కువ చక్కెర తయారు చేయడం లేదు. దాన్ని మోసుకెళ్లే ఫ్లోయెమ్ కణజాలం వాటిలో ఎక్కువగా ఉంది. కాయను పోషించాలంటే ఆకును, తొడిమను కాపాడుకోవాలని తోటమాలులు అనుభవంతో చెప్పే మాటకు ఇది సరిపోతుంది.

కాయ ఉబ్బేకొద్దీ దాని భుజాలు తీగను పైకి నెడతాయి. అటూ ఇటూ సుమారు మీటరు దూరం కణుపు వేర్లను తెంచి తీగకు వదులు ఇవ్వకపోతే తొడిమ చీలుతుంది. కింద పొడి ఇసుక పోసి గట్టి నేత గుడ్డ పరిస్తే అడుగు కుళ్లదు. నేరుగా ఎండ తగిలితే పై తొక్క ముందే ముదిరి గట్టిపడుతుంది, లోపల కండ ఇంకా పెరుగుతుంటుంది, ఒక రాత్రి ఫట్టుమని చీలుతుంది. అందుకే పిందె రోజు నుంచీ కాయకు విడిగా చిన్న పందిరి, దాని కింద తెల్ల గుడ్డ ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమట పట్టి కుళ్లుతుంది.

చీడపీడలు

అమెరికాలో తీగను తొలిచే పురుగు ప్రధాన శత్రువు. మన వైపు గుమ్మడి పాదులకు ఎర్ర పెంకు పురుగు, పండు ఈగ ఆ పాత్ర పోషిస్తాయి. పెంకు పురుగు మొలక దశలోనే ఆకులను జల్లెడ చేస్తుంది, రెండు వారాలు దోమతెర గుడ్డ కప్పితే గండం గడుస్తుంది. పండు ఈగకు క్యూల్యూర్ ఎర బుట్టలు పెట్టాలి. మామిడి తోటల కోసం అమ్మే మిథైల్ యూజినాల్ ఎరకు ఈ ఈగ రాదు, దుకాణంలో అడిగి తీసుకోవాలి. బూడిద తెగులుకు చాలామంది అలవాటుగా గంధకం చల్లుతారు. గుమ్మడి కుటుంబం మొక్కలు గంధకానికి సున్నితం, ఎండలో చల్లితే ఆకులు మాడిపోతాయి. మొజాయిక్ వైరస్ సోకిన మొక్కకు మందు లేదు, పీకి పారేయడమే.

తూకం

తోటలో కాయను ఎత్తి తూచడం కుదరదు కనుక టేపుతో కొలుస్తారు. చుట్టుకొలత ఒకటి, ఒక పక్క నేల నుంచి మీదుగా రెండో పక్క నేల దాకా ఒకటి, తొడిమ వైపు నేల నుంచి పువ్వు రాలిన వైపు నేల దాకా ఒకటి, మూడూ కలిపి పట్టికలో చూస్తే బరువు అంచనాగా తెలుస్తుంది. వారం వారం కొలిచి రాసుకుంటే ఎండ తీవ్రత ఎప్పుడు దెబ్బ తీసిందో కాగితం మీదే కనిపిస్తుంది. పోటీల నిబంధనలను గ్రేట్ పంప్‌కిన్ కామన్‌వెల్త్ అనే సంఘం నిర్ణయిస్తుంది. కాయ లోపలి గుల్ల దాకా పగులు గానీ రంధ్రం గానీ ఉంటే ఎంత బరువైనా లెక్కలోకి రాదు. కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బేలో 1974 నుంచి జరుగుతున్న తూకం వీటిలో పేరున్నది.

తెలుగు నేలల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయత్నం వృథా. హైదరాబాద్‌లో మే పగళ్లు 39–40 డిగ్రీలు, రాత్రులు 26. డిసెంబరులో పగలు 28 దగ్గర, రాత్రి 15 దగ్గర ఉంటుంది. వానలు వెనకబట్టాక సెప్టెంబరు చివర విత్తితే పువ్వు నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది, ఎండలు ముదిరే లోపు కాయ తయారవుతుంది. శీతకాలపు పగళ్లు పొట్టివి కావడంతో ఉత్తర దేశాల బరువులు ఆశించకూడదు. కోస్తా పల్లపు జిల్లాల్లో రాత్రి ఉక్క ఎక్కువ, అరకు లాంటి ఎత్తు ప్రాంతాలు దీనికి అనువుగా కనిపిస్తాయి. మాక్సిమా జాతి మన దేశానికి కొత్తదేమీ కాదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సూర్యముఖి ఈ జాతిదే, కాకపోతే దాని కాయ కిలో బరువుకు అటూ ఇటూ. తొలి ఏడాది యాభై కిలోల కాయ చెక్కుచెదరకుండా ఇంటికి చేరితే అది గెలుపే అనుకోవాలి.

తూకం అయ్యాక

భారీ గుమ్మడి కండ తినదగినదే గానీ నీరుగా, చప్పగా ఉంటుంది. పులుసుకు పనికొచ్చే సరుకు కాదు. నోవా స్కోషియాలోని విండ్సర్‌లో 1999లో వీటిని తొలిచి పడవలుగా చేసి సరస్సులో పందేలు మొదలుపెట్టారు. ఆరెగాన్ జంతుప్రదర్శనశాలలో ఏనుగులకు వేస్తే తొక్కి పగలగొట్టి తింటాయి. పెంచినవారికి అసలు ఆస్తి లోపలి గింజలు. కోసిన రోజే గుజ్జు కడిగేసి, నీడలో గాలి ఆడేలా రెండు మూడు వారాలు ఆరబెట్టి, కాగితం పొట్లంలో తల్లి, తండ్రి మొక్కల పేర్లు, తేదీ రాసి చల్లని పొడి చోట దాచాలి. అలా దాచిన విత్తనం అయిదారేళ్ల తర్వాత కూడా మొలకెత్తుతుంది.